జింకు మీద యాసిడ్, తెర మీద వాన

1967. లండన్, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు. శుక్రవారం రాత్రి. మెట్లు దిగి నేలమాళిగలోకి రండి. మిగతా రోజుల్లో ఇది బ్లార్నీ క్లబ్బు, ఐరిష్ వాళ్ళ డ్యాన్స్ హాలు. శుక్రవారం మాత్రం యూఎఫ్‌ఓ క్లబ్బు. తెల్లారేదాకా సంగీతం. మందు దొరకదు, అయినా జనం ఊగిపోతున్నారు.

స్టేజీ మీద సాఫ్ట్ మెషీన్ బ్యాండు. రాబర్ట్ వ్యాట్ డ్రమ్స్ వాయిస్తూనే పాడుతున్నాడు. మైక్ రాట్లెడ్జ్ ఆర్గన్ ఆగదు. ఏ పాట ఎక్కడ ముగిసి ఏది మొదలైందో పట్టుకోవడం మానేయండి. వాళ్ళ మొహాల మీద, చొక్కాల మీద ఎర్రటి బుడగలు పాకుతున్నాయి. ఇప్పుడు వెనక్కి తిరగండి, అవి పుడుతున్న చోటు చూద్దాం.

స్లైడ్ ప్రొజెక్టర్ల దగ్గర కళాకారుడు మార్క్ బాయిల్. అగ్గిపెట్టెంత గాజు పలకలు రెండు, మధ్యలో రంగునీళ్ళు, ఒక జింకు ముక్క, దాని మీద యాసిడ్ చుక్క. బల్బు వేడి తగలగానే పోపులో ఆవాల్లా చిటపట మొదలు. జింకును యాసిడ్ తింటుంటే పుట్టే బుడగలు గాజులో పైకే లేస్తాయి. లెన్సు బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి తెర మీద వానలా కిందికి జారతాయి. అవి డ్రమ్స్ దెబ్బకే జారినట్టుంటాయి మీకు. ఆ తాళం కలిపేది మీ కళ్ళే. జింకుకు వ్యాట్ తాళంతో ఏం పని?

పక్కనే అతని సహచరి జోన్ హిల్స్ ఇంకో స్లైడు సిద్ధం చేస్తోంది. పని ఇద్దరిదీ. పేరు మాత్రం చాలాకాలం మార్క్ ఒక్కడిదే; 'బాయిల్ ఫ్యామిలీ' అని పిల్లలతో సహా అందరి పేరునా చూపడం చాలా ఏళ్ళ తర్వాతి మాట. ఆలస్యంగానైనా సరైన లెక్కే.

స్లైడు మాడి నల్లబడింది. తీసి అవతల పడేసి ఇంకోటి దూర్చారు. ఇందాకటి ఎరుపు మళ్ళీ రమ్మన్నా రాదు. రాత్రంతా ఇదే పని.

ఈ ఇద్దరి పగటి పని దీనికి పూర్తిగా ఎదురు. ఎవరికైనా కళ్ళకు గంతలు కట్టి మ్యాపు మీద డార్ట్ విసిరించడం, అది గుచ్చుకున్న చోటికి వెళ్ళి అక్కడి నేలను, మట్టీ రాళ్ళతో సహా, రెజిన్, ఫైబర్‌గ్లాస్‌తో ఉన్నదున్నట్టు అచ్చు తీయడం. ఆ పలకలు గోడకెక్కుతాయి, మ్యూజియంలకు చేరతాయి. రాత్రి బుడగను ఎవరు కొంటారు? దాని డబ్బు ఆ రాత్రి టికెట్లలోంచి రావాల్సిందే.

1968లో సాఫ్ట్ మెషీన్ అమెరికాలో జిమీ హెండ్రిక్స్‌కు ముందు వాయించినప్పుడు ఈ వెలుగులూ వెంట వెళ్ళాయి. క్లబ్బు పోయి పెద్ద పెద్ద హాళ్ళు వచ్చాయి. స్లైడు సైజు మాత్రం అదే, ఏ రాత్రికా రాత్రి కొత్తగా కలుపుకోవాల్సిందే.