నేరస్థ తెగల చట్టము (మద్రాసు ప్రెసిడెన్సీ)

నేరస్థ తెగల చట్టము బ్రిటిషు ఇండియాలో కొన్ని సంచార తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించిన చట్టము. 1871లో ఉత్తర భారతమున మొదలై, 1911 చట్టముతో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించినది. కర్నూలు, కడప జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలో ఉండేవి.

ప్రకటన విధానము

ఒక తెగ నేరములకు అలవాటు పడినదని నమ్మినచో ప్రభుత్వము గెజెటులో ప్రకటించేది. ఆ ప్రకటన చెల్లదని న్యాయస్థానములో వాదించుటకు వీలు లేదు. నమోదైనవారు వేలిముద్రలు ఇవ్వవలెను. ఆజ్ఞ ఉన్నచో నిర్ణీత వేళలలో హాజరు చెప్పవలెను, నివాసము మారినచో తెలుపవలెను.

ఇట్లు ప్రకటింపబడినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. గాడిదలపై, ఎద్దులపై ఉప్పు, ధాన్యము మోసి అమ్మిన వీరి జీవనోపాధి అప్పటికే రైలు మార్గముల వలన, ప్రభుత్వ ఉప్పు విధానము వలన దెబ్బతిన్నది.

సెటిల్‌మెంట్లు

నమోదైన కుటుంబములను సెటిల్‌మెంట్లలో ఉంచు అధికారము కూడా 1911 చట్టములో కలదు. కర్నూలు జిల్లాలో ఆత్మకూరు ప్రాంతమునందలి సిద్ధాపురం, నాటి గుంటూరు జిల్లాలోని (2022 నుండి బాపట్ల జిల్లా) స్టూవర్టుపురం ఇట్టివే.

రద్దు

ఈ చట్టము మద్రాసులో 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయినది. నాటినుండి ఈ తెగలను విముక్త జాతులు అంటారు. అయితే మద్రాసులో 1948లో వచ్చిన అలవాటు నేరస్థుల చట్టము, తెగలకు బదులు వ్యక్తులపై నిఘాను కొనసాగించినది.