అగ్గి తెగులు, అవిసె తుప్పు

నా బాల్యమున మా వరిమడిలో ఆకులపై నూలుకండెల వంటి మచ్చలు లేచినప్పుడు మా నాయనగారు "అగ్గి పడినదిరా" అని చతికిలబడిరి. ఆ యేడు మాకు గింజ దక్కలేదు. పొగ లేని ఆ అగ్గి ఒక శిలీంధ్రమని తరువాత తెలిసికొంటిని. పొగను జూచి నిప్పు నూహించుట తర్కమున మాకు తొలిపాఠము. అట్లు కంటికి గానరాని దానిని లెక్కలచే ఊహించిన యొకని కథ నేడు చెప్పెదను.

ఆయన హెరాల్డ్ హెన్రీ ఫ్లోర్. అమెరికాలోని ఉత్తర డకోటాలో అవిసెపైరునకు పట్టు తుప్పు తెగులును పరిశోధించెను. తెగులునకు నిలిచినదని నమ్మిన అవిసె రకమును కొలది యేండ్లకే క్రొత్త తుప్పుజాతి కూల్చుచుండెడిది. ఫ్లోర్ అవిసెను అవిసెతో సంకరపరచుటతో నాగక, తుప్పుజాతులను సైతము తమలో తమకు సంకరపరచి, రెంటి సంతతిని ఓపికతో లెక్కించెను. మొక్కయందలి యొక్కొక్క నిరోధక జన్యువునకు శిలీంధ్రమునందు జోడైన జన్యువొకటి కలదనియు, ఆ జోడు ఎదురుపడినప్పుడే తెగులు ఆగుననియు 1942 మొదలు ప్రకటించెను. జన్యువు ఏ పదార్థమో అప్పటికి నిశ్చయము కాలేదు!

నిప్పు కనబడుటకు అర్ధశతాబ్ది పట్టినది. 1991లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు టమాటా ఆకుబూజులో అట్టి జన్యువును తొలుత పట్టిరి. అది పుట్టించునది, బూజు ఆకులోనికి స్రవించు చిన్న మాంసకృత్తు. అవిసె తుప్పు మాంసకృత్తు 2004లో కాన్‌బెర్రాలో దొరకెను. అది అవిసెయొక్క నిరోధక మాంసకృత్తును నేరుగా తాకునని 2006లో తేలెను. తాకినంతనే ఆ కణము తానై మరణించును. బ్రదికిన కణమునే తిని బ్రదుకు తుప్పునకు అచ్చట ఆహారముండదు.

తన్ను పట్టియిచ్చు వస్తువును బూజు ఏల స్రవింపవలెను? దొంగకు కన్నపుకత్తి వంటిది అది. టమాటా ఆకుబూజు స్రవించు మరియొక మాంసకృత్తు, మొక్క ప్రయోగించు జీర్ణరసములు సోకకుండ బూజు గోడకు కవచమై నిలుచును. ఆ కవచమును గుర్తుపట్టు టమాటా రకములును గలవు.

మా నాయనగారి అగ్గియందును ఇట్టి జోడే గలదు. శిలీంధ్రపు మాంసకృత్తును వరియందలి పి-టా అను నిరోధక మాంసకృత్తు తాకుట 2000లో నిరూపితమైనది. శిలీంధ్రము తన జన్యువును మార్చుకొనినను, పోగొట్టుకొనినను పి-టా దానిని గుర్తింపజాలదు. ఒక్క జన్యువును నమ్మి ఊరంతయు ఒకే రకము నాటుట నా మనసునకు నచ్చదు. అందుకే కాబోలు, వరివంగడములు రూపొందించువారు రెండు మూడు నిరోధక జన్యువులను ఒకే గింజలో కూర్చుచున్నారు.