మెడ తిత్తులు: జన్మస్థానం కోసం సాగిన అన్వేషణ

పుట్టుకతో వచ్చిన లోపమంతా పుట్టిన రోజునే కనిపించాలని లేదు. మెడలో పిండదశలోనే మిగిలిపోయిన కణజాలం కొందరిలో ఏ పదేళ్లకో, ఇరవై ఏళ్లకో ద్రవం నిండిన మెత్తని గడ్డగా బయటపడుతుంది. దీనినే తిత్తి లేదా సిస్ట్ అంటాం. ఇవి ఎక్కువగా రెండు చోట్ల కనిపిస్తాయి: మెడ మధ్యరేఖ మీద, లేదా పక్క భాగాన. ఆ చోట్లే ఎందుకు? దీనికి సమాధానం దొరికిన క్రమాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

1829లో జర్మనీలోని హాలే నగరానికి చెందిన జోండి మెడ మీద పుట్టుకతో ఉండే సన్నని రంధ్రాలను వర్ణించాడు. అవి శ్వాసనాళానికి సంబంధించినవని ఆయన భావించాడు. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1825లో, రాత్కే పంది, కోడి పిండాల గొంతు పక్కన చేప మొప్పల చీలికలను పోలిన గాళ్లను చూశాడు. 1827లో వాన్ బేయర్ మానవ పిండంలోనూ వాటిని గుర్తించాడు. ఈ రెండు విషయాలనూ 1832లో ఆషెర్సన్ ఒకచోట చేర్చాడు. మెడ రంధ్రాలు శ్వాసనాళానివి కావనీ, పూడుకోకుండా మిగిలిన పిండ చీలికలనీ వివరించాడు.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు చేస్తుంటారు. మానవ పిండానికి ఏ దశలోనూ మొప్పలు ఉండవు. అందుకే నేటి గ్రంథాలు 'మొప్ప చాపాలు' అనడానికి బదులు 'గ్రసని చాపాలు' అంటున్నాయి. నాలుగు, ఐదు వారాల పిండంలో రెండవ చాపం వేగంగా కిందికి పెరిగి 2, 3, 4 చీలికలను కప్పివేస్తుంది. అలా ఏర్పడిన గదిని గ్రీవా కుహరం అంటారు. అది సాధారణంగా మూసుకుపోతుంది. అలా జరగకపోతే దవడ మూలకు కింద, స్టెర్నోమాస్టాయిడ్ కండరం ముందు అంచు దగ్గర తిత్తి ఏర్పడుతుంది. దాని నుంచి మార్గం మిగిలి ఉంటే, అది బాహ్య, అంతర కెరోటిడ్ ధమనుల మధ్యగా టాన్సిల్ వరకు పోగలదు.

మధ్యరేఖ తిత్తి కథ వేరు. థైరాయిడ్ గ్రంథి మొదట నాలుక వెనుక భాగంలో మొదలవుతుంది. అక్కడి నుంచి హయాయిడ్ ఎముకకు దగ్గరగా కిందికి దిగి, సుమారు ఏడవ వారానికి తన స్థానం చేరుతుంది. అది దిగిన మార్గాన్ని 1880ల దశకంలో విల్‌హెల్మ్ హిస్ వర్ణించాడు. ఆ మార్గం పూర్తిగా అంతరించకపోతే తిత్తి వస్తుంది. మార్గం పైకొన నాలుకతో ముడిపడి ఉంటుంది కాబట్టి, రోగి నాలుక బయటకు చాపితే గడ్డ పైకి కదులుతుంది.

ఈ జ్ఞానం శస్త్రచికిత్సనే మార్చింది. తిత్తిని మాత్రమే తీసివేస్తే అది తరచు తిరిగి వచ్చేది. 1893లో ష్లాంగే హయాయిడ్ మధ్య భాగాన్ని కూడా తొలగించాలన్నాడు. 1920లో అమెరికాలో సిస్ట్రంక్ ఎముక ముక్కతో పాటు నాలుక వైపు పోయే మార్గాన్ని కూడా తీసే పద్ధతిని ప్రకటించాడు. నేటికీ అదే ప్రామాణికం.

పక్క తిత్తుల మీద మాత్రం వివాదం ముగియలేదు. 1912లో వెంగ్లోవ్‌స్కీ వాటికి థైమస్ దిగిన మార్గమే మూలమన్నాడు. 1959లో భాస్కర్, బెర్నియర్‌లు 468 తిత్తులను పరీక్షించి, మెడ శోషరస గ్రంథుల్లో చిక్కుకున్న ఉపకళా కణజాలం వల్లనే ఇవి ఏర్పడతాయని వాదించారు. చాలా పక్క తిత్తుల గోడలో శోషరస కణజాలం ఉండటం ఈ వాదనకు బలమిచ్చింది.

ఇది పుస్తకాలకే పరిమితమైన చర్చ కాదు. మధ్యరేఖ గడ్డలో ఉన్నదే కొందరికి ఉన్న ఏకైక థైరాయిడ్ కావచ్చు. అందుకే కోతకు ముందు స్కానింగ్‌లో థైరాయిడ్ తన చోట ఉందో లేదో చూస్తారు. నలభై దాటినవారి మెడ పక్కన కొత్తగా తిత్తి కనిపిస్తే, అది టాన్సిల్ వంటి చోట దాగిన క్యాన్సర్ వ్యాపించడం వల్ల వచ్చిందేమో ముందుగా పరీక్షించాలి. పుట్టుకతో వచ్చినదేలే అని ఊరుకుంటే విలువైన కాలం పోతుంది. గడ్డ ఎక్కడుందన్నది దాని మూలానికి ఆధారమే కానీ, అదొక్కటే నిర్ధారణ కాదు.

ఆలోచించండి: జోండి చూసిన రంధ్రాలనే ఆషెర్సన్ కూడా వివరించాడు. అయినా ఆయన వేరే నిర్ణయానికి ఎలా రాగలిగాడు?