రూంలో ఉండి చదువుకునే విద్యార్థులు తిండి ఖర్చు తగ్గించుకునేదెలా?

హైదరాబాద్: జిల్లాల నుంచి హైదరాబాద్‌కు వచ్చి రూం తీసుకుని చదువుకునే వాళ్లకు 20వ తేదీ దాటిందంటే కష్టాలు మొదలు. ఇంటి నుంచి వచ్చిన పైసల్లో అద్దె, ఫీజు, బస్ పాస్ పోగా మిగిలిందే తిండికి. చేతిలో డబ్బు తగ్గగానే చాలామంది ముందు మానేసేది పొద్దున నాష్తా. కడుపు మాడ్చుకుంటే చదువు ఎక్కదు. పూట మానకుండా ఖర్చు తగ్గించుకునే మార్గాలు ఇవీ.

బియ్యం ఇంటి నుంచే

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డులో ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. కార్డులో పేరున్న విద్యార్థి ఇంటికి వెళ్లినప్పుడు తన వాటా తెచ్చుకోవచ్చు. పూటకు 100 గ్రాములు వండుకుంటే రెండు పూటలకూ నెలంతా సరిపోతుంది.

కూరగాయలు రైతు బజార్‌లో

1999లో మొదలైన రైతు బజార్లలో రైతులే నేరుగా అమ్ముతారు. మెహదీపట్నం, ఎర్రగడ్డ, సరూర్‌నగర్, ఫలక్‌నుమా వంటి చోట్ల ఇవి ఉన్నాయి. ధరల బోర్డు చూసి కొనాలి. వారానికోసారి వెళ్తే చాలు. ఆకుకూరలు, టమాటాలు ముందు వండేసి, ఆలుగడ్డ, సొరకాయ తర్వాతకు ఉంచుకోవాలి.

ప్యాకెట్ మీద లెక్క

ప్యాకెట్లపై ఎంఆర్‌పీతో పాటు గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. ఉదాహరణకు 200 గ్రాముల కారం 60 రూపాయలైతే గ్రాము 30 పైసలు. 500 గ్రాములది 125 రూపాయలైతే 25 పైసలే. పెద్ద ప్యాకెట్ కొని రూమ్మేట్లు పంచుకుంటే పాడవదు.

ఖిచిడీ, ఖట్టా, దాల్చా

తక్కువ ఖర్చు వంటలు మన ఇళ్లల్లోనే ఉన్నాయి. రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మసూర్ దాల్, ఉల్లిగడ్డ, పసుపు, ఉప్పు కుక్కర్‌లో వేస్తే ఖిచిడీ రెడీ. మసూర్ నానబెట్టకుండానే త్వరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది. చింతపండు రసంలో వేయించిన నువ్వుల పొడి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ కలిపితే ఖట్టా. జుమ్మా రోజు గోష్త్ తినాలనిపిస్తే పావుకిలో తెచ్చి, శనగపప్పు, సొరకాయతో దాల్చా చేస్తే నలుగురికి వస్తుంది.

అన్నం ఏ పూటకు ఆ పూటే వండుకోవడం మంచిది. ఫ్రిజ్ లేని రూంలో రాత్రంతా బయట ఉన్న అన్నంలో చేరే బ్యాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిల్చిన పది రూపాయలు డాక్టర్‌కు పోతాయి.

గ్యాస్ విషయంలో జాగ్రత్త

పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి గ్యాస్ నింపించుకోవడం ప్రమాదం, చట్టవిరుద్ధం కూడా. అధికారిక 5 కిలోల సిలిండర్‌ను అడ్రస్ ప్రూఫ్ లేకున్నా గుర్తింపు కార్డు చూపించి తీసుకోవచ్చు.

చేతిలో ఏమీ లేని రోజు

జీహెచ్‌ఎంసీ 2014లో 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇవి ఇందిరమ్మ క్యాంటీన్లు. అన్నం, కూర, సాంబారు, పచ్చడి పెడతారు. అక్కడ తినడానికి నామోషీ పడాల్సిన పని లేదు.

చివరిగా, ఎవరు ఏం కొన్నారో ఆ రోజే ఒక నోట్‌బుక్‌లో రాసి వారానికోసారి హిసాబ్ చూసుకోవాలి. అప్పుడు పైసలూ మిగులుతాయి, రూమ్మేట్ల దోస్తీ కూడా చెడదు.