పల్లం, మెట్ట, మన్యం: గోదావరి సీమలో కలిమిలేముల చరిత్ర

అంతర్వేదిలో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి రంపచోడవరం చేరవచ్చు. ఆ దారిలోనే మూడు సీమలు తగులుతాయి. ముందు వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువుల పల్లం. రాజమండ్రి దాటాక జీడిమామిడి, పొగాకు, ఆయిల్‌పామ్ పండే మెట్ట. ఆ పైన కొండరెడ్లు, కోయలు బతికే మన్యం. ఈ తేడాలన్నీ నేల స్వభావం వల్లనే వచ్చాయని అనుకోవడం అలవాటైంది. నిజానికి కాలువ ఎక్కడిదాకా పారింది, పట్టా ఎవరి పేరున ఉంది అన్న రెండు సంగతులే ఇక్కడి కలిమిలేములను ఎక్కువగా తేల్చాయి.

ఆనకట్టకు ముందు

ఇప్పుడు అన్నపూర్ణ అనిపించుకుంటున్న డెల్టా రెండు వందల ఏళ్ల కిందట కరువు సీమ. అప్పట్లో ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది మగ్గం. ఇంజరం నుంచి, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం నుంచి బట్టలు ఓడలెక్కి యూరపుకు వెళ్లేవి. మాంచెస్టర్ మిల్లు బట్ట దిగి, ఈస్టిండియా కంపెనీ కొనుగోళ్లు ఆగిపోయాక నేతగాళ్లు దెబ్బతిన్నారు. పైగా 1832-33 కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉంటే 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. నది నిండుగా పారుతుండగానే గట్టు మీది జనం తిండిలేక చచ్చారు, వలసపోయారు.

కాలువ తెచ్చిన కలిమి

ఇంజినీరు ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు సాగాయి. గన్నవరం అక్విడక్టు మీదుగా కోనసీమ చివరి లంకలకూ నీళ్లందాయి. అవే కాలువల్లో పడవలు ధాన్యాన్ని కాకినాడ రేవుకు చేర్చాయి. ఇప్పుడు ఆయకట్టు దాదాపు 10 లక్షల ఎకరాలు.

అయితే నీరు పల్లమెరుగును. కాలువ మట్టానికి ఎగువనున్న మెట్ట వానకూ చెరువులకూ వదిలేసినట్టే మిగిలిపోయింది. పిఠాపురం లాంటి ఎస్టేట్లలో జమీందారీ 1948 చట్టం దాకా సాగింది. డెల్టాలో ఎక్కువ భాగం రైత్వారీ కింద ఉండడంతో శిస్తు కట్టే పట్టాదారుకే నీటి లాభం దక్కింది. మిగులు చేతిలో పడ్డ రైతు కుటుంబాలు వడ్డీ వ్యాపారం, ధాన్యం మిల్లులు, పిల్లల చదువుల వైపు నడిచాయి. పట్టా లేని మాల, మాదిగ పేటల జనానికి దక్కింది పాలేరుతనం, కోత కూలి.

పల్లంలో పోగైన డబ్బు మన్యానికి అప్పు రూపంలో చేరింది. మైదానం నుంచి వెళ్లిన వ్యాపారులు అప్పులిచ్చి, కోర్టు డిక్రీలతో పశువులనూ పంటనూ జప్తు చేయించారు. దానికి కల్లు మీద చిగురు పన్ను తోడై 1879లో రంప తిరుగుబాటు రగిలింది. 1922-24లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం వెనుక అడవి ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టి ఉన్నాయి.

ఊరు దాటినవాళ్లు, ఇల్లు దాటనివాళ్లు

పండే సీమ నుంచే కూలీలు కాకినాడలో ఓడెక్కి ‘రంగం’ అని పిలుచుకునే రంగూన్ వెళ్లారు. అక్కడి రేవులో మూటలు మోశారు. 1930లో అక్కడి అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్లే. ఆ కష్టార్జితంతో ఊళ్లో సొంత చెక్క కొనుక్కున్న దళితులూ ఉన్నారు. తర్వాతి తరాల్లో ఆ దారి కువైట్ వైపు తిరిగింది. ఇళ్లలో పనికి ఆడవాళ్లు కదిలారు.

నరసాపురం చుట్టుపక్కల మరో కథ. మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన లేసు అల్లిక ఎగుమతి సరుకైంది. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం, గడప దాటకపోవడమే గౌరవమనుకున్న పేద కాపు ఇల్లాళ్ల సంపాదన పొలానికి వెళ్లే కూలి ఆడవాళ్ల సంపాదన కన్నా తక్కువ. వాళ్ల అల్లిక ‘ఖాళీ సమయంలో చేసే పని’గా లెక్కకొచ్చింది, లాభం ఎగుమతిదారులకు పోయింది.

చేను నుంచి చెరువుకు

హరిత విప్లవంతో దాళ్వా (రెండో పంట) దిగుబడి పెరిగింది. ఆ మిగులు సినిమాలకు, కాలేజీలకు, హైదరాబాద్ స్థలాలకు తరలింది. యజమానులు పట్నం చేరారు, సేద్యం కౌలుదారుల మీద పడింది. పాస్‌బుక్ మాత్రం యజమాని పేరునే ఉంటుంది కాబట్టి బ్యాంకు రుణం, నష్టపరిహారం పండించేవాడిదాకా రావడం కష్టం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని, మురుగు కాలువలు పూడిపోయాయని ‘పంట విరామం’ ప్రకటించి దాదాపు 90 వేల ఎకరాలు బీడు పెట్టారు. అదే ఏడాది కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలోకి వచ్చిన చట్టం మాత్రం కార్డుకు యజమాని సంతకం కావాలన్న మెలిక పెట్టింది.

భీమవరం వైపు 1990ల నుంచి చేలు చెరువులయ్యాయి. తెల్లమచ్చ వైరస్ ఒకసారి కూల్చినా, 2009 తర్వాత వనామీ రొయ్యతో మళ్లీ లేచాయి. చెరువుకు గుత్త ఎక్కువ వస్తుంది. నాట్లు, కోతల పని మాత్రం పోతుంది. పక్క చేలకు ఉప్పు ఊరుతుంది, తాగునీరు చెడుతుంది. కోనసీమ కింద గ్యాస్ దొరికింది కానీ, స్థానికుల జ్ఞాపకంలో మిగిలినవి 1995లో రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బావి, 2014లో నగరం గ్రామంలో పేలిన పైపులైను.

మారనిది

ఈలోగా మెట్ట కూడా కదిలింది. బోరుబావులు, ఆయిల్‌పామ్, ఎత్తిపోతలు దాని ముఖం మార్చాయి. అంటే నేల ఎత్తు శాశ్వతమైన రాత కాదు. కుల అంతరం అంత త్వరగా కదలదు. 2022లో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురం తగలబడిన తీరే ఇందుకు సాక్ష్యం.

1852లో కాలువ మన్యం దాకా వెళ్లలేదు. ఇప్పుడు పోలవరం జలాశయం కోసం కోయ, కొండరెడ్ల ఊళ్లే ఖాళీ అవుతున్నాయి. నీళ్లు మాత్రం మళ్లీ దిగువకే. డెల్టా ఎంత పండిందని లెక్కవేసే ప్రభుత్వాలు, ఆ పంటలో కౌలుదారు వాటా ఎంత, నిర్వాసితుడికి దక్కిన సాగుభూమి ఎంత అన్నవి కూడా అదే పట్టికలో రాయాలి. నీటిని పంచడం ఇంజినీర్లు 170 ఏళ్ల కిందటే సాధించారు. పట్టాను, పరిహారాన్ని పంచడం చట్టం పని. ఆ పని ఇంకా సగంలోనే ఉంది.