చిల్కూరు ప్రదక్షిణలూ, సినిమా సీడీలూ, ఒక రావుగారూ

మన సాఫ్ట్‌వేర్ జనాలకి చిల్కూరు బాలాజీని పరిచయం చెయ్యక్కర్లేదు. గండిపేట చెరువు ఒడ్డున హుండీ లేని గుడి. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఎక్కువమంది కోరిక అమెరికా ప్రయాణమే కాబట్టి వీసా బాలాజీ అన్న పేరొచ్చింది. ఆ వీసాలతో వెళ్ళి పెద్ద కంపెనీలకి అధిపతులైన వాళ్ళ గురించి మనం తెగ చెప్పుకుంటాం. వాళ్ళందరికంటే ఎంతో ముందు వెళ్ళిన ఒక రావుగారి గురించి మాత్రం ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనూ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆయన చెయ్యి పడిన లెక్క మాత్రం ఇవాళ మనందరి ఫోన్లలోనూ ఉంది.

ముందు అసలు సమస్య చూద్దాం. పాత టీవీ నాణ్యతలో, అంటే 720 x 576 చుక్కలతో సెకనుకి 25 బొమ్మల చొప్పున, ఏమీ కుదించకుండా వీడియో దాస్తే సెకనుకి సుమారు 15 మెగాబైట్లు. రెండున్నర గంటల తెలుగు సినిమాకి 140 గిగాబైట్లు! సీడీలో పట్టేది 700 మెగాబైట్లు. మరి 1990లలో సినిమా రెండు మూడు వీసీడీల్లో ఎలా ఇమిడింది? బొమ్మ పొడవూ వెడల్పూ సుమారు సగానికి తగ్గించడం ఒక కారణం. అది చేసినా ఇంకా 26 రెట్లు కుదించాలి. ఆ పని చేసింది 1993లో వచ్చిన ఎంపెగ్-1.

ఇందులో కిటుకులు రెండు. మొదటిదానికి చిల్కూరే ఉదాహరణ. ప్రదక్షిణలు చేసే చోట కదలని కెమెరా ఒకటి పెట్టామనుకుందాం. గోడలు కదలవు, స్తంభాలు కదలవు. కదిలేది జనం మాత్రమే. అలాంటప్పుడు ప్రతి బొమ్మలోనూ గోడని మళ్ళీ మళ్ళీ రాసుకోవడం దేనికి? ఒక బొమ్మ పూర్తిగా దాచి, తర్వాతి వాటికి 'ఈ ముక్క అక్కణ్ణుంచి ఇక్కడికి జరిగింది' అని, మిగిలిన తేడాని రాసుకుంటే చాలు.

రెండో కిటుకు బొమ్మ లోపలిది. 8 x 8 చుక్కల గడిని 64 అంకెలుగా మారుస్తారు. మొదటిది ఆ గడి సగటు వెలుగు, మిగతావి అందులోని హెచ్చుతగ్గులు, ముతకవి ముందు, సన్నవి తర్వాత. మామూలు బొమ్మల్లో సన్నవి చాలావరకు సున్నాకి దగ్గరగా ఉంటాయి. పైగా వాటిలో తేడా వస్తే మన కన్ను పెద్దగా పట్టించుకోదు. అందుకని వాటిని గుండుగుత్తగా సవరించి పారేస్తారు. ఈ మార్పిడి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం, పొట్టిగా డీసీటీ.

బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్‌కి ఈ ఆలోచన వచ్చింది. 1972లో పరిశోధనకి డబ్బిమ్మని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగారు. ఇది మరీ సులువుగా ఉందన్న అభిప్రాయంతో అర్జీ తిరిగొచ్చింది. అయినా వదల్లేదు. తన విద్యార్థి నటరాజన్, స్నేహితుడు కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో పేపరు అచ్చు వేయించారు.

ఆ కె.ఆర్. రావే నేను చెప్పే రావుగారు. పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు, వినగానే మనవాడనిపించే పేరు. 1952లో మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు, 1966లో న్యూ మెక్సికోలో పీహెచ్‌డీ, తర్వాత టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాలపాటు పాఠాలు. 1990లో యిప్‌తో కలిసి డీసీటీ మీద పుస్తకమే రాశారు. 2021 జనవరిలో పోయారు.

1988 నాటి హెచ్.261, 1992 నాటి జేపెగ్, డీవీడీలు వాడిన ఎంపెగ్-2, 2003 నాటి హెచ్.264, 2018 నాటి ఏవీ1... అన్నిట్లోనూ ఈ డీసీటీయో, దాని బంధువో ఉంది. సులువుగా ఉందని తోసేసిన ఐడియా యాభై ఏళ్ళు నిలబడింది. మన డిజైన్ రివ్యూల్లో 'ఇంతేనా?' అనేవాళ్ళకి ఈ కథ చెప్పాలి :)

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. డీసీటీ తనంతట తాను ఏమీ పోగొట్టదు. పోయేది ఆ తర్వాత సవరించే దగ్గర. అలా పోయింది మళ్ళీ రాదు. కుదించినదాన్ని ఇంకోసారి కుదిస్తే ఇంకొంత పోతుంది. ఎన్ని ప్రదక్షిణలు చేసినా తిరిగి రాదు!

అందుకని మీ ఇంట్లో పెళ్ళి వీడియోలు, తాతయ్య మాటల రికార్డింగులు కుదించేముందు అసలు ఫైలుని ఒక హార్డ్‌డిస్కులో భద్రంగా పెట్టండి. కుదించడానికి హ్యాండ్‌బ్రేక్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఎక్స్264 ఎంచుకుని, సైజు కాకుండా నాణ్యత అంకె ఇవ్వండి: 18 నుంచి 23 మధ్య. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో మాత్రం భద్రపరిచినట్టు కాదు. దారిలో అదీ కుదించే పంపిస్తుంది.

ఏది దాచాలి, ఏది పారెయ్యాలి అన్నదే కుదింపు. సన్నటి గీతల విషయంలో ఆ నిర్ణయం లెక్కకి వదిలెయ్యొచ్చు. తాతయ్య గొంతు విషయంలో మనమే తీసుకోవాలి. రావుగారి పేరు విషయంలో కూడా అంతే అనిపిస్తుంది నాకు.