మంచము దిగిన వృద్ధులు

ముసలివారు పడిపోవుదురేమో యను భయముచేత వారిని మంచముననే యుంచుట మన యిండ్లలో సేవగా చెల్లుచున్నది. "మీరు లేవకుడు, కావలసినది మేమే తెచ్చెదము" అను మాట మనము వినని యిల్లు లేదు. ఈ ఆదరము వలన గలుగు హానిని ఇంగ్లండు కనుగొన్న విధమును చెప్పెదము.

1834వ సంవత్సరపు పేదల చట్టము పిమ్మట ఆ దేశమున దిక్కులేని వృద్ధులకు వర్కుహౌసే శరణ్యమయ్యెను. అందరికి నొకేరీతి యుడుపులు, కొలిచి పెట్టు తిండి, స్త్రీలొకవైపు, పురుషులొకవైపు. చిరకాలము కాపురము చేసిన దంపతులును గడప దాటగానే విడిపోవలసినదే. అరువదేండ్లు దాటిన జంటలను విడదీయరాదని 1847లో శాసించినను, వారికి వేరు గదులు కట్టించినచోట్లు కొద్దియే. సోమరులను బెదరించుటకు కట్టిన యిండ్లలో తుదకు మిగిలినవారు పని చేయలేని ముదుసలులును రోగులును!

1930లో వీని పాలన స్థానిక ప్రభుత్వములకు సంక్రమించెను. 1935లో లండను పడమట నున్న వెస్టు మిడిల్‌సెక్సు ఆసుపత్రి తన ప్రక్కనున్న వర్కుహౌసు రోగులను స్వీకరింపగా, ఆ భారము డాక్టరు మార్జరీ వారెను అను వైద్యురాలిపై బడెను. దీర్ఘరోగులే 714 మంది. పక్షవాతము వచ్చినవారు, మతి తప్పినవారు, కేవలము ముసలితనము తప్ప వేరు జబ్బు లేనివారు ఒక్క వరుసలోనే పరుండియుండిరి. ఏమి రోగమో నిర్ణయించినవారు లేరు. వాడుకలేక కాళ్లు బిగిసిపోయెను. ఒరపిడిచే వీపులు పుండ్లుపడెను. పడకయే రోగమునకు మందుగాక, రోగమునకు కారణమైనది.

ఆమె యొక్కొక్కరిని పరీక్షించి, రోగమునుబట్టి వేరుపరచెను. గోడలకు లేతరంగు వేయించెను, మంచము ప్రక్క చిన్న బీరువాను, భోజనమునకు బల్లను, రేడియో వినుటకు చెవియంత్రమును అమర్చెను. పట్టుకొని నడచుటకు కమ్ములు పెట్టించెను. పడిపోవుదురను భయము మిథ్య యని మేమనము. ముదిమిలో పాటు ప్రాణాంతకము కావచ్చును. కాని దానికి విరుగుడు కమ్మియు, వెలుతురును, తగిన చెప్పులును గాని పడక కాదు. ఎన్నడును లేవరనుకొన్నవారనేకులు లేచి నడచిరి. కొందరిండ్లకు, కొందరు వృద్ధగృహములకు పోయిరి. వృద్ధుల వైద్యము వేరు శాఖ కావలెననియు, విద్యార్థులకు నేర్పవలెననియు ఆమె 1943లో వ్రాసెను. 1947లో డాక్టరు రిచర్డు ఆషరు పడక వలని యపాయములను గూర్చియే యొక వ్యాసము ప్రకటించెను.

1948 చట్టము వృద్ధులకు నివాసము కల్పించుట స్థానిక ప్రభుత్వముల విధిగా జేసెను. అయినను పీటరు టౌన్సెండు 173 గృహములను తిరిగిచూచి 1962లో ప్రకటించిన గ్రంథము చదివినచో, పాత వర్కుహౌసు కట్టడములే పెక్కులు పేరు మార్చుకొని నిలిచియున్నట్లు తెలియును. గోడకున్న యాయువు శాసనమునకు లేదు గదా!

మన దేశమున 2007 చట్టము, జిల్లాకొక్కటికి తక్కువ గాకుండ, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలు గృహములను రాష్ట్రములు స్థాపింపవచ్చునన్నది, తీరవలెనని యనలేదు. అట్టి గృహమును చూడబోవు మన పాఠకులు అచట నెన్ని మంచములున్నవో గాక, పగటివేళ నెన్ని ఖాళీగా నున్నవో లెక్కింపవలెనని కోరుచున్నాము.